పటంలో తెల్లచోటు

వెనకటి భూగోళ పటాలలో అక్కడక్కడ తెల్లగా ఖాళీ చోట్లు ఉండేవి. చుట్టూ నదుల నీలిగీతలు, కొండల గోధుమరంగు, చీమలబారుల్లాగా ఊళ్ళ పేర్లు; మధ్యలో మాత్రం వట్టి కాగితం. దాన్ని చూస్తే చాలామందికి ఏమీ తోచదు. పేజీ తిప్పేస్తారు. ఎక్కడో ఒకడికి మాత్రం అది చూడగానే కాలు నిలవదు.

రాబర్ట్ మార్షల్ అలాంటివాడు. 1929 లో, 28 ఏళ్ళ వయస్సులో, అలాస్కా పటం ముందు వేసుకుని తెల్లచోట్లు ఎక్కడున్నాయా అని వెదికాడు. ఉత్తరాన ధ్రువవలయం దాటిన తరువాత, బ్రూక్స్ పర్వతశ్రేణి నడుమ, కొయుకుక్ నది తలాపున ఒకటి కనిపించింది. వెళ్ళాడు. పదేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళాడు. ఆ లోయకు పటం గీసి, వాగులకూ కొండలకూ పేర్లు పెట్టాడు. అంతటితో ఊరుకుంటే మనకు చెప్పుకోవలసినంత కథ లేకపోను. ఏ చోటును తన చేతులతో పటంలోకి ఎక్కించాడో, ఆ చోటికి బాట పడకూడదని తరువాత పోరాడింది కూడా అతడే.

మార్షల్ పుట్టింది కొండల్లో కాదు, న్యూయార్కు నగరంలో, 1901 జనవరి 2 న. తండ్రి లూయీ మార్షల్ పేరుమోసిన న్యాయవాది. ఇంట్లో డబ్బుకు కొదవ లేదు. వేసవి వచ్చిందంటే కుటుంబమంతా అడిరాండాక్ కొండల్లోని విడిదికి వెళ్ళేవారు. అక్కడ పిల్లవాడికి రెండు జాడ్యాలు అంటుకున్నాయి. ఒకటి నడక, రెండవది పాత అన్వేషకుల కథలు చదవడం. చదివి చదివి, తాను నూరేళ్ళు ఆలస్యంగా పుట్టానని దిగులు పడేవాడు. 1925 నాటికి తమ్ముడు జార్జితోనూ, హెర్బర్ట్ క్లార్క్ అనే దారిచూపరితోనూ కలిసి ఆ ప్రాంతంలోని 46 పెద్ద శిఖరాలూ ఎక్కేశాడు. రోజుకు ముప్పై, నలభై మైళ్ళు నడవడం అతడికి వినోదం. చదివింది అటవీశాస్త్రం.

అలాస్కా వెళ్ళడానికి ఒక శాస్త్రీయమైన సాకు కూడా చూసుకున్నాడు. ఉత్తరానికి పోయిన కొద్దీ ఒకచోట చెట్లు ఆగిపోతాయి. అందుకు చలే కారణమని అందరూ అనేవారు. కాదు, పూర్వం మంచు కప్పిన నేల మీదికి చెట్లు మెల్లగా పాకి వస్తున్నాయి, ఇంకా అక్కడికి చేరుకోలేదంతే అని అతడి ఊహ. దాన్ని పరీక్షించాలన్నాడు. ఊహ సంగతి తరువాత చూద్దాం.

కొయుకుక్ ఎక్కడ?

బ్రూక్స్ శ్రేణి అలాస్కా నెత్తిన పడమటి నుంచి తూర్పుకు సుమారు 700 మైళ్ళ పొడుగున అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని ఉత్తరపు నీళ్ళు ఆర్కిటిక్ సముద్రంలోకి పోతాయి. దక్షిణపు నీళ్ళలో చాలా భాగం యూకాన్ మహానదిలో కలుస్తాయి. అలా కలిసేవాటిలో కొయుకుక్ ఒకటి. దానికి పాయలు చాలా ఉన్నాయి. వాటిలో ఉత్తరపాయ సరిగ్గా నీటివిభజన గీత దగ్గర, రాతిగోడల మధ్య పుట్టి, సుమారు నూరు మైళ్ళు దిగి వస్తుంది. మన కథ ఆ ఉత్తరపాయ లోయది.

అంతకు ముందు అక్కడికి సర్వేవాళ్ళు అసలు పోలేదనడానికి లేదు. 1898 లో బంగారం కోసం జనం ఎగబడిన తరువాత, 1899 లో అమెరికా జియొలాజికల్ సర్వే తరపున ష్రేడర్ అనే ఆయన కొయుకుక్ వెంబడి పటం గీశాడు. 1901 లో పీటర్స్ అనే సహచరుడితో జాన్ నది మీదుగా పర్వతాలు దాటి, ఆర్కిటిక్ సముద్రం వరకు పోయాడు. వాళ్ళు నడిచిన దారి పొడుగునా పటం నిండింది. దారికి అటూ ఇటూ, కొండ అడ్డం వచ్చిన ప్రతిచోటా తెలుపు మిగిలిపోయింది. ఉత్తరపాయ ఎగువభాగం అలా మిగిలిన చోటు.

మరి మనుషులే లేరా? ఉన్నారు. ఒకప్పుడు ఎస్కిమోలని పిలిచేవారే, తమను తాము ఇనుపియాట్లమని చెప్పుకునేవారు, ఆ కనుమల్లో తరతరాలుగా కారిబూ దుప్పులను వేటాడుతూ తిరిగారు. వాళ్ళకు అది తెల్లచోటు కాదు, పెరటిదోవ. తెల్లవాళ్ళలోనూ ఎర్నీ జాన్సన్ వంటివారు ఉన్నారు. స్వీడను నుంచి వచ్చిన వడ్రంగి. బంగారం వెదుకుతూ, ఉచ్చులు పన్నుతూ సంవత్సరంలో ఎక్కువ భాగం ఒంటరిగా ఆ కొండల్లోనే గడిపేవాడు. వడ్రంగం చేసుకుంటే ఎక్కువే సంపాదించగలనని అతడికి తెలుసు. అయినా ఆ కొండలు విడిచి రావడానికి మనసొప్పలేదు. అంచేత, ‘ఎవరూ ఎరుగని లోయ’ అనే మాట మనం కాస్త జాగ్రత్తగా వాడాలి. పటం గీసేవాళ్ళు ఎరుగని లోయ అంటే సరిపోతుంది.

పటం గీయడమంటే

కరణంగారు గొలుసు లాగించి పొలాలు కొలిచిన రోజులు పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. చదునైన నేలకు గొలుసు చాలు. కొండలకు గొలుసు పనికిరాదు. అక్కడ త్రిభుజాలతో పని. ఎలాగంటే, మీ పొలంలో ఒక గట్టు మీద నిలబడి దూరాన గుడి గోపురం ఏ దిక్కున ఉందో కోణం చూసుకోండి. గట్టు వెంట వంద గజాలు నడిచి మళ్ళీ చూడండి. కోణం మారుతుంది. రెండు కోణాలూ, మధ్యనున్న వంద గజాలూ తెలిస్తే, గోపురం దాకా నడవకుండానే దాని దూరం లెక్క కట్టవచ్చు. ఆ గోపురం నుంచి ఇంకో కొండ, ఆ కొండ నుంచి మరో కొండ. ఇలా దేశాలకు దేశాలు కొలిచారు.

ఎత్తుపల్లాలు చూపడానికి కాంటూరు రేఖలు గీస్తారు. అవేమిటో తెలియాలంటే వేసవిలో ఎండిపోయే చెరువును తలుచుకోండి. నీరు దిగినప్పుడల్లా గట్టు మీద ఒక చార మిగులుతుంది. ఆ చార చెరువు చుట్టూ ఎక్కడ చూసినా ఒకే ఎత్తు. చారలు దగ్గర దగ్గరగా ఉంటే గట్టు నిట్టనిలువు. ఎడంగా ఉంటే ఏటవాలు. కొండను కూడా మెడదాకా నీళ్ళలో ముంచి, అంచెలంచెలుగా దించి, పైనుంచి చూస్తే కనబడే చారలే కాంటూరు రేఖలు. అవి ఉన్న పటాన్నే స్థలాకృతి పటం అంటారు. వట్టి పటం ఊరు ఎక్కడుందో చెబుతుంది. ఇది మీ మోకాళ్ళు ఎంత నొప్పి పెడతాయో కూడా చెబుతుంది.

ఈ పని ధ్రువవలయం అవతల చేయడం వేరు. దిక్సూచి ముల్లు అక్కడ అసలు ఉత్తరాన్ని చూపదు. అలాస్కాలో అది ఇరవై డిగ్రీలకు పైగా తూర్పుకు ఒరిగి ఉండేది. ఆ తేడా దిద్దుకోకపోతే నది పోయి కొండ మీద పడుతుంది. వేసవిలో సూర్యుడు కొన్ని వారాలు అస్తమించడు. పని చేయడానికి కావలసినంత వెలుతురు. కాని వేసవిలో నడక నరకం. అడుగున నేల ఏడాది పొడుగునా గడ్డ కట్టి ఉంటుంది కనుక కరిగిన నీరు ఇంకడానికి దారి లేదు. పైనంతా బురద. బురదలో మనిషి తలకాయంత గడ్డిదుబ్బులు. వాటి మీద కాలు వేస్తే ఒరిగిపోతాయి, మధ్యన వేస్తే మోకాటిలోతు దిగిపోతుంది. దోమల సంగతి చెప్పనక్కరలేదు. చలికాలంలో నది గడ్డకట్టి రాజమార్గం అవుతుంది. కుక్కలబండి మీద హాయిగా పోవచ్చు. అయితే ఒక్కొక్కప్పుడు అడుగునున్న నీరు మంచుగడ్డను చీల్చుకుని పైకి పొంగుతుంది. సున్నాకు యాభై డిగ్రీల కింద ఉన్నప్పుడు ఆ నీటిలో పాదం తడిస్తే, వెంటనే నిప్పు రాజెయ్యగలవాడే పాదంతో ఇంటికి వస్తాడు.

ఉత్తరపు వాకిలి

1929 జూలైలో మార్షల్ ఫెయిర్‌బాంక్స్ పట్నం నుంచి చిన్న విమానంలో వైజ్‌మన్ అనే ఊరు చేరాడు. ఊరంటే కొన్ని దుంగల గుడిసెలు; బంగారం పండినప్పుడు వెలిసి, పండడం తగ్గాక మిగిలిపోయినవి. తోడు అల్ రెట్స్‌లాఫ్ అనే బంగారపు అన్వేషకుడు. అతడికి బంగారం కావాలి, ఇతడికి తెల్లచోటు కావాలి. సామాను గుర్రాల మీద వేసుకుని ఉత్తరపాయ వెంట ఎగువకు బయలుదేరారు.

కొన్నాళ్ళు పోయాక లోయ ఇరుకైంది. ఎదురుగా నదికి చెరొక పక్కన రెండు మహాపర్వతాలు నిలబడి ఉన్నాయి. పడమటి దానిది విరిగిన పళ్ళ వరుసలాంటి శిఖరాగ్రం. తూర్పుది నిటారైన ఒంటరి కొండ. మధ్యనుంచి నది వస్తోంది. కోటగుమ్మానికి అటూ ఇటూ బురుజులు కట్టినట్టుంది. మార్షల్ మొదటిదానికి ఫ్రిజిడ్ క్రాగ్స్, అంటే చలిబండలు అని, రెండవదానికి బోరియల్, అంటే ఉత్తరపు కొండ అని పేర్లు పెట్టాడు. రెండూ కలిపి ‘గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్’ అన్నాడు. ఉత్తరధ్రువ సీమకు వాకిలి. సర్వే పుస్తకాల్లో ఇంత కవిత్వం చేరడం అరుదు. ఈ ఒక్క పేరు తరువాత ఎంత పని చేసిందో ముందు తెలుస్తుంది.

వాకిలి దాటాక ఉత్తరపాయ ఎగువలు, దానిలో కలిసే ఉపనదులు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయారు. వాటిలో ఒక వాగు ఎర్నీ జాన్సన్ పేరున ఎర్నీ క్రీక్ అయింది. దాని ఎగువన రాతిగోడల ఇరుకుకు ‘కొండచరియల లోయ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ యాత్రలోనే ఒక రాత్రి నది ఒడ్డున గుడారం వేసుకుని పడుకున్నారు. వాన కురుస్తోంది. నిద్రలో నీటి చప్పుడు మారిందని మెలకువ వచ్చి చూస్తే, వెనకనున్న ఎండుపాయ కూడా నదై పారుతోంది. తాము పడుకున్న చోటు లంక అయిపోయింది. సామాను ఎత్తుకుని, గుర్రాలను పట్టుకుని ఆ ప్రవాహంలో పడి ఎలాగో ఒడ్డున పడ్డారు. మన గోదావరి లంకలవాళ్ళకు ఈ భయం వర్ణించి చెప్పనక్కరలేదు. అయితే అక్కడ కేక వేస్తే వినేవాడు లేడు. దగ్గరి ఊరు రోజుల నడక.

మరుసటి ఏడాది ఆగస్టులో మళ్ళీ వచ్చాడు. ఈసారి వైజ్‌మన్‌లో ఒక గుడిసె తీసుకుని ఏడాదికి పైగా కాపురమే పెట్టాడు. 1931 మార్చిలో ఎర్నీ జాన్సన్‌తో మంచుదారిన కుక్కలబండి మీద కొండల్లోకి పోయాడు. వేసవిలో అతడితోనే అలట్నా, జాన్ నదుల ఎగువలన్నీ తిరిగాడు. ఎర్నీకి ప్రతి కనుమా తెలుసు. ఏ వాగు ఎక్కడ పుడుతుందో నోటికి చెప్పగలడు. మార్షల్ దాన్ని కాగితం మీద పెట్టాడు. పటం మీద ఒకరి పేరే ఉంటుంది గాని, అలాంటి పటాలలో సగం ఎర్నీ జాన్సన్ వంటివాళ్ళ కాళ్ళు గీసినవే. 1934 లో జియొలాజికల్ సర్వే వారు మార్షల్ నివేదికను తమ బులెటిన్‌లో అచ్చు వేశారు. అతడు పెట్టినవీ, స్థానికుల నోట విని రాసినవీ మొత్తం 160 కి పైగా పేర్లు. వాటిలో చాలావాటిని ప్రభుత్వం అంగీకరించింది.

కొండలతోపాటు అతడు మనుషులనూ కొలిచాడు. ఎగువ కొయుకుక్‌లో ఆనాడు నివసించేది 127 మంది. తెల్లవారు 77, ఇనుపియాట్లు 44, ఇండియన్ తెగలవారు 6. వాళ్ళు ఏం తింటారు, ఎంత సంపాదిస్తారు, దేన్ని గురించి ఎంతసేపు మాట్లాడుకుంటారు — ఇదంతా గడియారం పెట్టుకుని మరీ లెక్క రాశాడు. ఆ లెక్కలతో 1933 లో వెలువడిన ‘ఆర్కిటిక్ విలేజ్’ అనే పుస్తకం బాగా అమ్ముడుపోయింది. వచ్చిన డబ్బులో సగం ఆ ఊరివాళ్ళకు పంచాడు. తలకు 18 డాలర్ల చెక్కు వచ్చింది. తమను గురించి పుస్తకం రాసినవాడు డబ్బు పంపడం ఎక్కడైనా విన్నామా! రచయితలకే సరిగ్గా రాని ప్రపంచం ఇది.

డూనరాక్

ఉత్తరపాయ లోయలో అన్నిటికంటె మార్షల్ మనసును పట్టి లాగిన కొండ ఒకటుంది. నల్లగా, నిట్రాడులా, చుట్టూ ఉన్న కొండల తలల మీదుగా కనిపిస్తుంది. మొదట దాన్ని స్విట్జర్లండులోని కొండతో పోల్చి ‘కొయుకుక్ మాటర్‌హార్న్’ అన్నాడు. తరువాత ఆ అరువు పేరు నచ్చలేదు. ఇనుపియాట్ల మాట తీసుకుని డూనరాక్ అన్నాడు. అంటే భూతం, లేదా ఆత్మ. ఇది మంచి దిద్దుబాటు. అరువు పేరు కొండకు ఎన్నడూ అతకదు.

ఆ భూతం అతడిని వదలలేదు. 1938 ఆగస్టులో, అప్పటికి వాషింగ్టన్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు సెలవు పెట్టి మళ్ళీ వచ్చాడు. ఎర్నీ జాన్సన్, జెస్సీ ఆలెన్, నుటిర్విక్ అనే ఇనుపియాట్ మిత్రుడు తోడు వచ్చారు. వాన విడవలేదు. డూనరాక్ ఎక్కడం కుదరలేదు. తిరిగి వచ్చేటప్పుడు పడవ తిరగబడి ప్రాణాలమీదికి వచ్చింది. 1939 వేసవిలో మరోసారి. ఈసారి పక్కనున్న ఉత్తర డూనరాక్, అమాక్ వంటి శిఖరాలు ఎక్కారు గాని, అసలు కొండ చిక్కలేదు.

డూనరాక్ ఎత్తు పదివేల అడుగులకు పైమాటేనని మార్షల్ లెక్క. ఆర్కిటిక్ సీమలో అంత ఎత్తైన కొండ ఇంకొకటి ఉండకపోవచ్చునని అతడి ఉత్సాహం. అసలు ఎత్తు 7,457 అడుగులు! రెండున్నర వేల అడుగుల పొరపాటు. ఇది చదివి నవ్వేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఒంటరిగా తిరిగే అన్వేషకుడు ఎత్తు కట్టడానికి ఉన్న ఉపాయాలు రెండే. ఒకటి గాలి ఒత్తిడి చూడడం. ఒక అంగుళం పాదరసం తగ్గితే సుమారు వెయ్యి అడుగులు ఎక్కినట్టు. కాని తుఫాను వచ్చినా ఒత్తిడి తగ్గుతుంది. మనిషి గుడారంలో పడుకునే కొండ ఎక్కేస్తాడు. రెండవది, దూరం నుంచి శిఖరానికి కోణం చూడడం. దూరాన్ని నాలుగోవంతు ఎక్కువగా ఎంచితే, మనం నిలబడ్డ చోటినుంచి కొండ ఎత్తు కూడా నాలుగోవంతు పెరుగుతుంది. అక్కడి గాలిలో దుమ్మూధూళీ లేదు. చెట్టూ లేదు, ఇల్లూ లేదు. కొలతకు ఏ ఆధారమూ లేనిచోట కంటికి దూరం తెలియదు. దీనికి తోడు ప్రేమ ఒకటి ఉంది. ప్రేమించినవాడి కంటికి ఏ కొండ అయినా రెండువేల అడుగులు ఎక్కువే కనబడుతుంది.

చెట్ల ఊహ కూడా ఇలాగే అయింది. 1930 లో, చెట్లు ఆగిపోయిన చోటికి ఎగువన, గ్రిజ్లీ క్రీక్ అనే వాగు దగ్గర అతడు స్ప్రూస్ విత్తనాలు చల్లాడు. 1939 లో వెళ్ళి చూస్తే ఒక్క మొలక లేదు. తన ఊహ ఓడిపోయిందని దాచకుండా రాసుకున్నాడు. ఈ గుణం కూడా గణించవలసిందే.

బాట వద్దు

రెండవసారికీ మూడవసారికీ మధ్య ఏడేళ్ళలో వైజ్‌మన్ మారిపోయింది. మోటారుబండ్లు వచ్చాయి, రేడియో వచ్చింది, విమానాలు తరచుగా దిగుతున్నాయి. మార్షల్ వచ్చిన దారినే విహారయాత్రికులు కూడా రాసాగారు. తాను రాసిన పుస్తకం, తాను గీసిన పటం అందుకు సాయపడలేదని అతడు అనలేడు. తెల్లచోటును ప్రేమించేవాడు దాన్ని నింపక మానలేడు. నింపాక అది తెల్లచోటు కాదు.

ఇంగ్లీషులో వైల్డర్నెస్ అనే మాట ఉంది. దాన్ని తెలుగులో చెప్పమంటే అరణ్యం అంటాం. వెంటనే చెట్లు కళ్ళముందు నిలుస్తాయి. కాని ఉత్తరపాయ ఎగువన చెట్టు లేదు. నిజానికి సంస్కృతంలో అరణ్యానికి మొదట్లో చెట్లతో పని లేదు. ఊరికి ఎడమైన, పరాయిదైన చోటు అనే అర్థం. ఆ పాత అర్థంలో తీసుకుంటే మార్షల్ కోరింది అరణ్యమే. మోటారుదారి లేని, హోటలు లేని, మనిషి తన కాళ్ళ మీద, తన తెలివి మీద ఆధారపడి తిరగవలసిన చోటు కొంత దేశంలో మిగలాలన్నాడు. 1935 లో మరికొందరితో కలిసి ‘వైల్డర్నెస్ సొసైటీ’ స్థాపించాడు. అందుకు తన సొంత డబ్బు ఖర్చు పెట్టాడు. 1938 లో అలాస్కా అభివృద్ధిని గురించి ప్రభుత్వం నివేదిక తయారుచేస్తే, అందులో తన మాటగా ఇలా సలహా ఇచ్చాడు: నోమ్ పట్నం చుట్టుపట్ల కొద్దిపాటి భాగం తప్ప, యూకాన్ నదికి ఉత్తరాననున్న అలాస్కానంతా రోడ్లూ పరిశ్రమలూ లేకుండా వదిలేయండి.

ఆ మాట చెప్పడంలో అతడికొక సౌకర్యం ఉంది, ఒప్పుకోవాలి. బంగారం తవ్వుకుని బతికేవాడికీ, మందు కోసం నూర్ల మైళ్ళు పోవలసినవాడికీ రోడ్డు వేరే విధంగా కనబడుతుంది. న్యూయార్కు లక్షాధికారి కొడుకు సెలవుల్లో వచ్చి రోడ్డు వద్దనడం సులభం. అయితే ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ కొండలను అంతగా కాలినడకన చూసి, ఆ ఊళ్ళో శీతకాలం గడిపి, ఆ మనుషులతో కలిసి తిని తిరిగి, తరువాత ఆ మాట అన్న ఉద్యోగి వాషింగ్టన్‌లో మరొకడు కనిపించడు.

1939 నవంబరు 11 న, వాషింగ్టన్ నుంచి న్యూయార్కు పోయే రాత్రి రైలులో, నిద్రలోనే మార్షల్ మరణించాడు. 38 ఏళ్ళు. అంతకు కొద్ది నెలల ముందే డూనరాక్ చుట్టూ తిరిగి వచ్చాడు. యాత్రల కాగితాలను తమ్ముడు జార్జి కూర్చి 1956 లో ‘ఆర్కిటిక్ వైల్డర్నెస్’ అనే పుస్తకంగా వేశాడు.

తరువాతి కథ పటాలదీ, చట్టాలదీ. డూనరాక్‌ను 1952 లో ముగ్గురు ఎక్కారు. ఆ ముగ్గురిలో ఒకాయన జార్జి బీడిల్, జన్యుశాస్త్రంలో చేసిన కృషికి 1958 లో నోబెల్ బహుమానం అందుకున్న మహానుభావుడు. ఇక సర్వేవారు విమానాల నుంచి ఫొటోలు తీసి, మైలుకు ఒక అంగుళం చొప్పున అలాస్కా కొండలకు కాంటూరు పటాలు వేశారు. గుర్రాలూ గుడారాలూ ఆ పనికి ఇక అవసరం లేకపోయింది. అయినా కొండలు అంత త్వరగా లొంగలేదు. మొత్తం బ్రూక్స్ శ్రేణిలో ఎత్తైన శిఖరం ఏది? తూర్పుకొసనున్న చాంబర్లిన్ అని కొన్ని పటాలు, ఇస్టో అని కొన్ని పటాలు. ఒకదానికొకటి పొంతన లేదు. చివరికి 2014 లో కిట్ డెలారియర్స్ అనే పర్వతారోహకురాలు ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే పరికరం మోసుకుని శిఖరాలు ఎక్కింది. మాట్ నోలన్ అనే శాస్త్రజ్ఞుడు చిన్న విమానం నుంచి తీసిన ఫొటోలతో ఎత్తులు కట్టాడు. రెండు లెక్కలూ కలిశాయి. ఇస్టో 2,735.6 మీటర్లు, సుమారు 8,975 అడుగులు. చాంబర్లిన్ మూడవ స్థానానికి దిగిపోయింది. ఇస్టో అన్న పేరు ఎవరిదనుకున్నారు? అలాస్కా పటాల కోసం పనిచేసిన ఒక సర్వే ఇంజనీరుది! డూనరాక్ ఆ వరుసలో ఎక్కడో కిందనే ఉంది.

1974 లో, ఉత్తర సముద్రతీరపు నూనె కోసం, వైజ్‌మన్ పక్కనుంచే రోడ్డు పడింది. గొట్టాలు వేశారు, 1977 నుంచి వాటిలో నూనె ప్రవహించింది. మార్షల్ వద్దన్న రోడ్డు వచ్చినట్టే. కాని ఆ రోడ్డుకు పడమరనున్న కొండలను 1978 లో అధ్యక్షుడు కార్టర్ ఒక ప్రకటనతో కాపాడాడు. 1980 డిసెంబరు 2 న చట్టం చేసి జాతీయవనంగా మార్చారు. విస్తీర్ణం 80 లక్షల ఎకరాలకు పైమాట. పేరు వెదకవలసిన అవసరం లేకపోయింది: గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్. 1929 లో గుర్రాల పక్కన నిలబడి ఒక కుర్రవాడు కాగితం మీద రాసుకున్న మాట చట్టంలోకి ఎక్కింది.

ఆ వనంలో ఇప్పటికీ రోడ్డు లేదు, వేసిన కాలిబాట కూడా లేదు. పోదలచినవాళ్ళు చిన్న విమానంలో దిగాలి, లేదా రోడ్డు దగ్గర దిగి నదులు దాటుకుంటూ నడవాలి. పటం చేతిలో ఉండాలి. ఆ పటం విప్పి చూస్తే ఉత్తరపాయకు చెరొక పక్కన ఫ్రిజిడ్ క్రాగ్స్, బోరియల్ కనబడతాయి. ఎగువన ఎర్నీ క్రీక్, దాని మీద చరియల లోయ. డూనరాక్ దగ్గర ఎత్తు ఇప్పుడు సరిగానే అచ్చయింది. నుటిర్విక్ పేరున కూడా ఒక వాగు ఉంది. కాంటూరు రేఖలు వేలిముద్రల్లాగా దగ్గర దగ్గరగా చుట్టుకుని ఉన్న ఆ కొండల మధ్య దారిని చూపే గీత మాత్రం ఎక్కడా లేదు.